బటర్ పేపర్ మీద దీపాలు

నాటకం కంటే ఒక రోజు ముందే హాలుకి చేరవలసింది లైటింగ్ ప్లాను. గొట్టంలా చుట్టి రబ్బరు బ్యాండు వేసిన బటర్ పేపరు. విప్పి బల్ల మీద పరిచి, నాలుగు మూలలా ఏదో ఒక బరువు పెడితే హాలంతా అందులో కనిపించేది. స్టేజీ ముందంచు, అటూ ఇటూ వింగులు, వెనక సైక్లోరమా తెర, పైన అడ్డంగా వేలాడే పైపులు, ప్రేక్షకుల నెత్తి మీద ఉండే ముందు పైపు. ఆ పైపుల మీద వరసగా చిన్న చిన్న గుర్తులు. ఒక్కో గుర్తు ఒక్కో దీపం. కాగితం మీద అర అంగుళం స్టేజీ మీద ఒక అడుగు. నలభై అడుగుల స్టేజీ ఇరవై అంగుళాల్లో ఇమిడేది.

హాలు గీతలు ఇండియన్ ఇంకుతో, దీపాలు పెన్సిలుతో గీసేవాళ్లం. హాలు కదలదు, దీపాలు ఎన్నిసార్లయినా కదులుతాయి. గుర్తులు గీయడానికి పై దేశాల్లో తయారుగా ప్లాస్టిక్ స్టెన్సిళ్లు దొరికేవట. మా ఊళ్లలో అవెక్కడివి? వాడేసిన ఎక్స్‌రే ఫిల్ములు అడిగి తెచ్చుకుని, వేడినీళ్లలో నానబెట్టి, పైపొర గీకేసి, బ్లేడుతో ఆకారాలు కోసుకునేవాళ్లం. పొట్టిగా గుండ్రటి ముక్కుతో ఉన్నది ఫ్రెనెల్. పొడుగాటిది ప్రొఫైల్ స్పాట్. డబ్బాలా ఉన్నది ఫ్లడ్. గుర్తు నడుమ దీపం నంబరు, ముందువైపు రంగు కాగితం నంబరు, వెనక, వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ నంబరు. ఈ మూడూ సరిగ్గా ఉంటే, గీసినవాడు అక్కడ లేకపోయినా ఇంకొకడు ఆ నాటకానికి దీపాలు కట్టగలడు. ప్లాను ఉన్నదే అందుకు.

ఇప్పుడు ఆ కాగితం ఎక్కడా కనిపించదు. ల్యాప్‌టాప్‌లో హాలు మొత్తం నిలబడుతుంది. అందులో పైపు గీసి, దానికి పేరు పెట్టి, దీపాన్ని మౌస్‌తో తగిలిస్తే నంబరు అదే పడుతుంది. ఈ మార్పును నేను దగ్గరుండి చూశాను, మనసారా ఆహ్వానించాను కూడా. అయితే ఆ కాగితంతో పాటు ఒక బతుకు తీరు కూడా వెళ్లిపోయింది. దాన్ని ఎరిగినవాళ్లు తక్కువమందిమి మిగిలాం. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఈ పనిలోకి వచ్చేసరికి పట్నాల్లో కరెంటు దీపాలు స్థిరపడ్డాయి. నాకు పని నేర్పిన మాస్టారు మాత్రం పెట్రోమాక్స్ కాలం మనిషి. పద్యనాటకాలు తెల్లవార్లూ ఆడే రోజుల్లో స్టేజీ ముందు వాసానికి పెట్రోమాక్సులు వేలాడదీసి, అంకానికీ అంకానికీ మధ్య దించి గాలి కొట్టేవారట. మాంటిల్ అంటే కాలిపోయిన బూడిద గూడు. చిన్న కుదుపు తగిలినా రాలిపోతుంది. అందుకని దీపాన్ని ఎక్కడ కట్టాలన్నది వెలుగును బట్టి కాకుండా, ఏ వాసం తక్కువ ఊగుతుందన్నదాన్ని బట్టి నిర్ణయించేవారు. దీపం నటుడి వెంట రాదు కాబట్టి నటుడే దీపం దగ్గరికి వచ్చి పద్యం ఎత్తుకునేవాడు. తర్వాతి రోజుల్లో వేలాడే మైకు కింద నిలబడి పద్యం పాడే అలవాటు దానికి కొనసాగింపేనని మాస్టారి అభిప్రాయం. నాకూ అది నిజమనిపిస్తుంది.

సురభి నాటక సమాజాల వారిది మరో లోకం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ సమాజాల వారు దీపాన్ని చూపించడానికి ఎంత వాడారో, దాచడానికీ అంతే వాడారు. ఆకాశంలో బాణాలు ఢీకొనాలి, మాయాబజార్‌లో వస్తువులు గాలిలో కదలాలి, వాటిని మోసే తీగ మాత్రం ఎవరికీ కనపడకూడదు. తీగ మీద వెలుగు సూటిగా పడిందా, మాయ అంతా బయటపడుతుంది. ఏ దీపం ఏ పక్క నుంచి, ఎంత ఎత్తు నుంచి రావాలన్న లెక్క ఆ కుటుంబాల్లో కాగితం మీద ఎక్కకుండానే ఒక తరం నుంచి ఇంకో తరానికి అందింది. ఇంట్లో పిల్లలు నడక నేర్చిన చోటే దీపం పట్టుకోవడమూ నేర్చారు.

ఇక ఉప్పునీటి డిమ్మర్ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఈ తరం వాళ్లు నమ్మరు. పింగాణీ జాడీ నిండా నీళ్లు, అందులో ఉప్పు. జాడీ అడుగున ఒక లోహపు రేకు, పైనుంచి తాడుకు వేలాడే ఇంకో రేకు. కరెంటు ఒక రేకు నుంచి ఉప్పునీటి గుండా రెండో రేకుకు వెళ్లి దీపానికి చేరుతుంది. పైరేకు కిందకు దించుతుంటే రెండింటి మధ్య నీటి అడ్డు తగ్గి దీపం మెల్లగా పుంజుకుంటుంది. పైకి లాగితే మసకబారుతుంది. సూర్యోదయం కావాలంటే తాడు ఊపిరి బిగబట్టి వదలాలి. వాడుతున్నకొద్దీ నీళ్లు కాగుతాయి, ఆవిరవుతాయి, మధ్యలో పోస్తూ ఉండాలి. తడి చేత్తో తాకితే ప్రాణం పోయే పని. మాస్టారు చెక్కపలక మీద రబ్బరు చెప్పులతో నిలబడి, ఎడమ చేయి వీపు వెనక్కి కట్టుకుని తాడు లాగేవారు. రెండు చేతులూ ఒకేసారి పెడితే కరెంటు గుండె మీదుగా పోతుందని ఆ జాగ్రత్త. ఆ జాడీలు పోయినందుకు నాకు కించిత్తు కూడా బాధ లేదు. తాడు వదిలే ఆ చేతి నెమ్మది మాత్రం తర్వాత ఏ స్లైడర్ మీదా నేను చూడలేదు.

1961లో హైదరాబాదులో రవీంద్రభారతి వచ్చింది. టాగోర్ శతజయంతి సందర్భంగా దేశమంతటా రంగశాలలు లేచిన కాలం అది. మంచి హాలు అంటే ఎలా ఉండాలో మా వాళ్లు కళ్లారా చూశారు. జిల్లాల్లో మాత్రం చాలాచోట్ల టౌన్‌హాళ్లే దిక్కు. సభల కోసం కట్టినవాటిలో నాటకాలు ఆడేవాళ్లం. ముందు పైపు అనేదే ఉండేది కాదు. బాల్కనీ రెయిలింగుకి తీగలతో స్పాట్లు కట్టేవాళ్లం. అంత దూరం నుంచి, అంత తక్కువ ఎత్తు నుంచి వెలుగు వస్తే ముఖం చదునుగా కనిపిస్తుంది, నటుడి నీడ వెళ్లి వెనక తెర మీద పడుతుంది. రాముడి నీడ అరణ్యం బొమ్మ మీద నడుస్తుంటే ప్రేక్షకుడు అరణ్యాన్ని ఎలా నమ్ముతాడు?

ముందు దీపం నలభై అయిదు డిగ్రీల ఏటవాలున రావాలని, కుడి ఎడమల నుంచి ఒకటి వెచ్చని రంగులో, ఒకటి చల్లని రంగులో ఉండాలని అమెరికాలో స్టాన్లీ మెక్‌కాండ్లెస్ 1932లో పుస్తకం రాశాడు. ఆ పుస్తకం మా చేతికి రాలేదు, దాని సారం ఆ నోటా ఈ నోటా వచ్చింది. లెక్క సులువే. పైపు పద్దెనిమిది అడుగుల ఎత్తున ఉంటే, నటుడి ముఖం అయిదున్నర అడుగుల ఎత్తున ఉంటే, తేడా పన్నెండున్నర. పైపు నటుడికి పన్నెండున్నర అడుగుల ముందు ఉంటే కోణం కుదురుతుంది. కానీ మన స్టేజీకి ఆ పుస్తకంలో లేని చిక్కులు రెండు ఉన్నాయి. ఒకటి తెల్ల పంచె. సగం సాంఘిక నాటకాల్లో తండ్రి పాత్ర తెల్ల పంచె, తెల్ల లాల్చీలోనే ఉంటుంది. చామనఛాయ ముఖం మీద, తెల్లటి బట్ట మీద ఒకే వెలుగు పడితే పంచె మెరిసిపోయి ముఖం మునిగిపోతుంది. అందుకని దీపం ముందు కింది సగానికి నల్ల కాగితం అంటించి, వెలుగు ఛాతీ కిందికి పలచబడేలా చేసేవాళ్లం. రెండోది వేలాడే మైకు. ముందంచు మీద వరసగా మైకులు దించుతారు. ఏ దీపం ఏ మైకుకు అడ్డొస్తుందో చూసుకోకపోతే ఉద్వేగమంతా ఉన్న ఘట్టంలో నాయిక నుదుటి మీద మైకు నీడ ఊగుతుంది. ప్లాను మీద మైకులకు కూడా చిన్న ఇంటూ మార్కులు పెట్టేవాణ్ణి. ఏ దేశపు స్టెన్సిల్‌లోనూ ఆ గుర్తు ఉండదు.

పరిషత్తు రాత్రుల గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలయ్యాక పోటీల సంప్రదాయం ఊరూరా పాకింది. నా కాలానికి ఒక రాత్రిలో మూడు, నాలుగు నాటికలు. ఏ సమాజానికీ సొంత దీపాలు ఉండవు. పరిషత్తు వారు కట్టించిన పైపులు, దీపాలు అందరివీ. నాటికకీ నాటికకీ మధ్య దొరికే కొద్దిసేపట్లో ఒకవైపు సెట్టు మారుస్తుంటారు, ఇంకోవైపు మేకప్పు వాళ్లు పరిగెడుతుంటారు, ఆ సందడిలోనే మేం దీపాలు తిప్పుకోవాలి. నేను కింద ప్లాను పట్టుకుని నిలబడేవాణ్ణి, పైన నిచ్చెన మీద బాబాయ్. పేరుకి హాలు ఎలక్ట్రీషియన్. నిజానికి ఆ హాలుకి ఆయనే దిక్కు.

"బాబాయ్, మూడో పైపు, ఎడమ నుంచి రెండోది."

"అది వద్దబ్బాయ్. దాని పట్టు వదులు. నాలుగోది తిప్పుతా, నీ పని అవుద్ది."

"నాలుగోది మంచం మీదికి రాదేమో?"

"నువ్వెళ్లి నిలబడు. వస్తదో రాదో చూద్దాం."

నిలబడటం కూడా ఒక విద్య. దీపానికి వీపు పెట్టి నిలబడి, నేల మీద మన తల నీడ వెలుగు వలయం మధ్యలో పడుతుందో లేదో చూడాలి. ముందుకు తిరిగి దీపంలోకి చూస్తే కళ్లు చెదిరి తర్వాతి పది నిమిషాలూ ఏమీ కనపడదు. కళ్లు మూసుకుని నుదుటి మీద వేడిని బట్టి నడిబొడ్డు పోల్చుకునేవాళ్లూ ఉన్నారు. ఆనాటి వెయ్యి వాట్ల దీపాలకు ఆ వేడి ఉండేది. పైన బాబాయ్ నట్టు బిగించి "అయిందా?" అని అడిగితే "అయింది" అనడానికి ముందు డైరెక్టర్ వైపు చూసేవాణ్ణి. ఆయన తల ఊపితే ప్లాను మీద ఆ దీపం పక్కన టిక్కు పెట్టి ఇంకోదానికి వెళ్లేవాళ్లం.

ఆ ఇరుకు సమయంలోనే రకరకాల సమాజాల వాళ్లం ఒకరినొకరం చూసుకుని నేర్చుకున్నాం. ఒకరి ప్లాను ఇంకొకరం అడిగి తీసుకుని వీధి దీపం కింద చూసేవాళ్లం. కలకత్తాలో తాపస్ సేన్ అనే ఆయన అంగార్ నాటకంలో బొగ్గుగని నీటితో నిండటం, సేతులో రైలు దూసుకెళ్లడం వెలుగుతోనే చూపించాడని, అవి రెండూ 1959 నాటివని నేను మొదట విన్నది అలాంటి ఒక అర్ధరాత్రి, టీ బండి దగ్గర. చెప్పినాయన ఆ నాటకాలు చూసినవాడు కాడు, చూసినవాడి దగ్గర విన్నవాడు. అయినా అది ఎలా చేసి ఉంటారోనని తెల్లారేదాకా నేలమీద సుద్దముక్కతో గీసుకుంటూ కూర్చున్నాం.

ఈలోగా ప్రపంచంలో పనులు వేగంగా మారిపోతున్నాయి. 1975లో న్యూయార్క్‌లో ఎ కోరస్ లైన్ ప్రదర్శనకు థారన్ మసర్ కంప్యూటర్ జ్ఞాపకం ఉన్న లైటు బోర్డు వాడింది. 1982లో కంప్యూటర్‌లో పటాలు గీసే ఆటోక్యాడ్ వచ్చింది. 1986లో డిమ్మర్లకూ బోర్డుకూ మధ్య డీఎమ్‌ఎక్స్ 512 అనే ఒకే భాష ఖాయమైంది. రంగస్థల దీపాల కోసమే తయారైన విజీవిగ్, వెక్టర్‌వర్క్స్ స్పాట్‌లైట్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఆ తర్వాత వచ్చాయి. మా దాకా ఇవి వరసలో రాలేదు, కలగాపులగంగా వచ్చాయి. ఇళ్ల ప్లాన్లు గీసే డ్రాఫ్టింగ్ సెంటర్‌లో కుర్రాడి పక్కన కూర్చుని నేను మొదటి కంప్యూటర్ ప్లాను గీయించాను. ఎక్స్‌రే ఫిల్ము స్టెన్సిల్ చూపించి, దీపం గుర్తును ఒక బ్లాకుగా చేయించాను. ఒకసారి చేస్తే చాలు, ఎన్నయినా అతికించుకోవచ్చు. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తే.

ఆ సాఫ్ట్‌వేర్లలో దీపాల స్థానాలు ఏర్పాటు చేసే పద్ధతిలో గొప్ప సంగతి ఉంది. చేత్తో గీసినప్పుడు పైపు ఉత్త గీత. ఇందులో పైపు ఒక వస్తువు. దానికి పేరుంటుంది, పొడవుంటుంది, నేల నుంచి ఎత్తు ఉంటుంది. దాని మీద దీపం పెట్టగానే ఆ దీపానికి తన పైపు పేరు తెలుస్తుంది, వరసలో తన నంబరు తెలుస్తుంది. మధ్యలో ఒకటి తీసేస్తే మిగతావాటి నంబర్లు సర్దుకుంటాయి. పైపును దించితే దీపాలన్నీ దాంతో పాటు దిగుతాయి. ఎన్ని దీపాలు, ఎన్ని రంగు కాగితాలు, ఏ డిమ్మర్ మీద ఎంత లోడన్న పట్టిక దానంతట అదే వస్తుంది. ఆ పట్టిక చేత్తో రాయడానికి మాకు ఒక రాత్రి పట్టేది. 26 డిగ్రీల ప్రొఫైల్ దీపం 6 మీటర్ల దూరంలో దాదాపు 2.8 మీటర్ల వలయం వేస్తుంది, 36 డిగ్రీలదైతే 3.9 మీటర్లు. మేం దీనికోసం హాలును నిలువుగా కోసినట్టు ఇంకో పటం గీసి, కోణమానిని పెట్టి చూసుకునేవాళ్లం. ఇప్పుడు దీపం పెట్టగానే వెలుగు శంకువు తెర మీద కనపడుతుంది. మంచానికి అందుతుందా లేదా అని నిలబడి చూడనక్కర్లేదు. ఈ పనిలో ఎంతమంది నడుములు, ఎంతమంది ప్రాణాలు నిచ్చెనల మీద పోయాయో ఎరిగినవాణ్ణి కాబట్టి దీన్ని నేను చిన్నచూపు చూడను.

అయితే ఆ సాఫ్ట్‌వేర్‌కి ఒక లక్షణం ఉంది, దాని దగ్గరే నా మనసు ఆగిపోతుంది. ప్లాను పైనుంచి చూసి గీస్తాం. పైనుంచి చూసినప్పుడు ఎత్తు కనపడదు. పైపు ఎత్తు ఎంతో నింపకుండా వదిలేస్తే ప్లాను చక్కగానే ఉంటుంది కానీ, బొమ్మను పక్క నుంచి తిప్పి చూస్తే దీపాలన్నీ నేల మీద పడి ఉంటాయి. ఆ ఎత్తు ఎవరో ఒకరు చెప్పాలి. హాలు కట్టినప్పటి ఇంజనీరు పటంలో ఉన్న ఎత్తు, ఇవాళ ఉన్న ఎత్తు ఒకటే అయి ఉండవు. ఎప్పుడో తాడు తెగి పైపును అరడుగు కిందికి కట్టి ఉంటారు. ఏసీ గొట్టం అడ్డొచ్చి ముందు పైపును వెనక్కి జరిపి ఉంటారు. బాబాయ్ పనిచేసిన పట్నం హాలుకు, బయటి నుంచి వచ్చిన ఒక బృందం ఎంతో అందంగా గీసిన ప్లాను తెచ్చింది. అందులో రెండో పైపు ఉన్నచోట నిజానికి చల్లగాలి గొట్టం ఉంది. పొద్దున పదికి ఆ సంగతి తెలిసింది, సాయంత్రం ఆరున్నరకు ప్రదర్శన. ఆ రోజు పరువు కాపాడింది రిటైరై ఇంట్లో ఉన్న బాబాయ్. కబురు పంపితే వచ్చి, పైకి ఒకసారి చూసి, ఏ కొక్కెం ఎంత బరువు ఆపుతుందో, ఏ ప్లగ్గు ఏ డిమ్మర్‌కు వెళ్తుందో కూర్చున్నచోటి నుంచే చెప్పాడు. కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోయారు. ఆ సాయంత్రం వెలుగు కన్నుల పండువగా ఉంది. ఆయన జ్ఞాపకం, వాళ్ల యంత్రం ఒక్కచోట చేరితే ఏమవుతుందో అప్పుడు చూశాను.

ఆయన తన కొలతలు ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదు. డిమ్మర్ గది గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. ఏ పైపు ఎంత ఎత్తు, ఏ సర్క్యూట్ చచ్చిపోయింది, ఏ మూల వాన కారుతుంది, ఏ స్విచ్చి మీద చేయి వేయకూడదు. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి రాసిన ఆ గోడ ఆ హాలుకి అసలైన ప్లాను. హాలు బాగుచేసినప్పుడు గోడలన్నింటికీ రంగు వేశారు. రంగు వేసినవాళ్ల తప్పేమీ లేదు, అది ఏమిటో వాళ్లకెవరూ చెప్పలేదు. కొత్త దీపాలు వచ్చాయి. తలలు తిప్పే ఎల్ఈడీలు, రంగు కాగితం అక్కర్లేదు, నిచ్చెన అక్కర్లేదు, బల్ల దగ్గర కూర్చుని వేలితో తిప్పితే ఏ మూలకైనా చూస్తాయి. నుదుటి మీద ఆ వేడీ లేదు. నటులకు చెమట తగ్గింది, మేకప్పు కరగడం తగ్గింది. బాబాయ్ ఇప్పుడు లేడు.

నాకు దిగులు కలిగించేది కంప్యూటర్ రావడం కాదు. బాబాయ్ లాంటివాళ్లు పనిలో ఉన్నప్పుడు కంప్యూటర్ మా ఊళ్లకు రాలేదు. అది వచ్చేసరికి వాళ్లు రిటైరై ఇళ్లకు వెళ్లిపోయారు. వాళ్లు పోకముందు ఆ కొద్ది సంవత్సరాల్లోనైనా ఒకరం పక్కన కూర్చుని వాళ్లు చెప్పింది ఎక్కించి ఉంటే, ఇవాళ ప్రతి పాత హాలుకూ నిజమైన పటం ఉండేది. నాటకాన్ని రాసినవాడి పేరు, ఆడినవాడి పేరు పరిషత్తు కరపత్రాల్లో నిలిచాయి. రంగోద్దీపనం అన్న మాట పక్కన సమాజం వాడి పేరు పడేది. నిచ్చెన ఎక్కినవాడి పేరు ఏ కరపత్రంలోనూ నేను చూడలేదు.

అన్ని హాళ్లూ ఇంకా పోలేదు. మీ ఊళ్లో పాత టౌన్‌హాలో, కళాక్షేత్రమో ఉండి, దాన్ని బాగుచేస్తారన్న మాట వినపడితే, పని మొదలవకముందే ఒక కొలత టేపు, ఒక నోటు పుస్తకం పట్టుకుని వెళ్లండి. అక్కడ ఎన్నాళ్లుగానో పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్ ఎవరో కనుక్కోండి. రిటైరై ఉంటే ఇంటికి వెళ్లి పిలుచుకు రండి. స్టేజీ వెడల్పు, లోతు, ముందంచు నుంచి ఒక్కో పైపుకీ దూరం, నేల నుంచి ఒక్కో పైపుకీ ఎత్తు కొలవండి. డిమ్మర్ గది గోడలకు ఫొటోలు తీయండి. సాఫ్ట్‌వేర్ వచ్చిన కుర్రవాళ్లు మీ ఊళ్లోనే ఉంటారు, వాళ్ల చేత గీయించి ఒక ప్రతి హాలు ఆఫీసులో, ఒక ప్రతి గ్రంథాలయంలో పెట్టండి. పటం కింద గీసినవాడి పేరుకు ముందు, కొలతలు చెప్పినవాడి పేరు రాయండి.